ఐసు పెట్టెలో నాన్న గడ్డ

ఇది యుద్ధకాండ. ఇందులో రక్తం పారుతుంది, బావలు కత్తులు దూసుకుంటారు, ఒక మహావీరుడి ప్రాణం చిన్న డబ్బీలో దాక్కుని దూరదేశం వెళ్తుంది.

నిజానికి అంత లేదు. వీరుడు మా నాన్న. రక్తం మూత్రంలోది. దూరదేశం హైదరాబాదు. కత్తి ఒకటే, అదీ చేపలు కోసేది.

నాన్న బందరు పక్కన గిలకలదిండి హార్బరులో బోటు నడుపుతాడు. ముప్పై ఏళ్ళ నుంచి నోట్లో చుట్ట, చేతిలో చుక్కాని. మొదటిసారి బోటు అంచున నిలబడి ఎర్రగా పోసినప్పుడు బీట్‌రూట్ తిన్నానన్నాడు. మా ఇంట్లో బీట్‌రూట్ వండిన దాఖలాలు లేవు. రెండు నెలలు అలా నెట్టుకొచ్చాక గడ్డకట్టిన రక్తం అడ్డుపడి మూత్రం ఆగిపోయింది. బందరు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే నొప్పికి ఆటో అద్దం పగలగొట్టాడు. పైపు వేయబోయినాయన దవడ మీద తన్నాడు. పైపు పడి మూత్రం బయటికొచ్చాక ఆయన్నే "బాబూ, దేవుడివి" అన్నాడు. దేవుడు దవడ పట్టుకుని మూల కూర్చున్నాడు.

విజయవాడలో డాక్టరుగారు లోపలికి కెమెరా పంపి గడ్డని చెక్కి తీశారు. వారం తర్వాత కూర్చోబెట్టి చెప్పారు.

"క్యాన్సరేనండీ. పైపొర దాటింది, కండలోకి ఇంకా దిగలేదు. రెండు దార్లున్నాయి. మూత్రాశయం మొత్తం తీసేయడం ఒకటి. లోపల మందు పోస్తూ, కెమెరాతో చూసుకుంటూ పోవడం రెండోది. ఏ గడ్డ మళ్ళీ మీద పడుతుందో, ఏది ఊరుకుంటుందో కంటికి తెలీదు. గడ్డలో కొన్ని జీన్లు మారి ఉంటాయి. ఆ గుర్తులు చూస్తే కొంత అంచనా వస్తుంది. జోస్యం కాదు, అంచనా."

"తీసేస్తే మూత్రం ఎలాగండీ?" అన్నాడు నాన్న.

"పొట్ట పక్కన చిన్న సంచి కడతాం."

నాన్న టేబుల్ మీదున్న ప్లాస్టిక్ మూత్రాశయం బొమ్మని ఎత్తి గోడకేసి కొట్టాడు. అది రెండు ముక్కలైంది. డాక్టరుగారు లేచి వెళ్ళి ముక్కలు ఏరి, ఒకదానికొకటి నొక్కి, మళ్ళీ టేబుల్ మీద పెట్టారు. "ఇది విడదీసి చూపించడానికేనండీ. అతుక్కుంటుంది."

"సంచి కట్టుకుని బోటెక్కను. అంతకంటే నన్ను ఏరు సముద్రంలో కలిసే మొగలో పడేయండి," అన్నాడు నాన్న. ఆ మాట మాత్రం అరవకుండా అన్నాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకుంది. ఎందుకైనా మంచిదని నేను బొమ్మ పట్టుకున్నాను.

తర్వాత జరిగిన రక్తపాతానికి బాధ్యుణ్ణి నేనే. గుడివాడలో బయోటెక్నాలజీ డిగ్రీ చదివాను. జెనెటిక్స్ పేపరు ఇంకా మిగిలే ఉంది. అయినా మా వంశానికి దొరికిన శాస్త్రవేత్త నేనొక్కణ్ణే. పొద్దున్నే హార్బరులో, వేలంపాట జరిగే అరుగు మీద, మావయ్య అడిగాడు.

"ఏంట్రా అల్లుడూ ఆ పరీక్ష?"

"నాన్న జీన్స్ చూస్తారు మావయ్యా. జీన్స్ అంటే వంశంలో వచ్చేవి."

డాక్టరుగారు గడ్డలోని జీన్లన్నారు. నేను గడ్డని వదిలేసి వంశాన్ని పట్టుకున్నాను.

మావయ్య చేపల వ్యాపారి. ఆయన కొడుక్కి మా చెల్లినిచ్చేందుకు అప్పటికే తాంబూలాలు అయిపోయాయి. ఆయన మొహం ఐసులా అయిపోయింది. పక్కనే వల బాగుచేసుకుంటున్న బాబాయితో అన్నాడు. "అయితే బావా, మీ రక్తంలోనే ఉందన్నమాట. ఒకసారి ఆలోచించుకోవాలి మరి."

"ఎవరి రక్తం?"

"మీదే."

"మాది మంచి రక్తం బావా. కావాలంటే నీదెలా ఉందో చూద్దాం," అని బాబాయి ఐసు కొట్టే సుత్తి అందుకున్నాడు.

చూశారు. సుత్తి తగలక ముందే మావయ్య గుప్పిట బాబాయి పన్నొకదాన్ని ఊడగొట్టింది. బాబాయి తట్టలోని చేపల కత్తి విసిరితే మావయ్య అరచెయ్యి చీరుకుపోయింది. ఇద్దరూ కలబడి రొయ్యల గుట్ట మీద దొర్లారు. వేలంపాట పాడుతున్నాయన ఒక్క క్షణం ఆగి, వాళ్ళ కింద నలిగిన సరుకుకి రేటు తగ్గించి పాట కొనసాగించాడు. చివరికి అమ్మ వచ్చి ఇద్దరి మీదా చేపలు కడిగిన నీళ్ళు కుమ్మరించింది. మావయ్యకి నాలుగు కుట్లు. బాబాయి పన్ను రొయ్యల్లో కలిసిపోయింది. అది ఏ ఊరు చేరిందో తెలీదు.

రాజీకి మావయ్యే ముందుకొచ్చాడు. మైనపు దిమ్మలో పెట్టిన గడ్డ ముక్కని ఆస్పత్రివాళ్ళు చిన్న డబ్బీలో వేసి మా చేతికిచ్చి, హైదరాబాదు ల్యాబుకి మీరే పంపుకోండన్నారు. మావయ్య కట్టు కట్టిన చెయ్యి చాపి డబ్బీ తీసుకున్నాడు. "పంపడం నా పని. హౌరా దాకా సరుకు పంపుతాను. ఒక్క పీసు చెడిందన్న మాట రాలేదు."

మా దగ్గర హార్బరు దాటే వస్తువు ఏదైనా ఐసులోనే వెళ్తుంది. మావయ్య థర్మోకోల్ పెట్టెలో అడుగున ఐసు పొడి పోసి, మధ్యలో నాన్న గడ్డ పెట్టి, పక్కన ఆస్పత్రి కాగితం దూర్చి, మళ్ళీ ఐసు పోశాడు. పైన రెండు కిలోల చందువలు సర్దాడు. "డాక్టర్లు కదరా, ఉత్త చేతులతో పంపితే ఏం బాగుంటుంది?"

మూడో రోజు ల్యాబు నుంచి ఫోను వచ్చింది. ఒకావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. "మాకు చేపలొచ్చాయండీ. కింద డబ్బీలో ఒక మైనం బ్లాకు కూడా ఉంది. కాగితం ముద్దయిపోయింది. పేషెంటు ఎవరు?"

నాన్న ఆ మాట విన్నాడు. పెరట్లోని ఐసు పెట్టెలు మూడూ తన్ని పగలగొట్టాడు. బోటు తోసే గెడ పట్టుకుని జెట్టీ పొడుగునా మావయ్యని తరిమాడు. వీపు మీద ఒకటి, పిక్క మీద ఒకటి పడ్డాయి. మూడో దెబ్బ తలకే ఎత్తాడు. నేనూ బాబాయీ చెరోవైపు పట్టుకుని వేలాడాం. గెడ విరిగింది. నాన్న ఆ సగం ముక్క పట్టుకునే కూలబడ్డాడు.

"నా కడుపు కొయ్యాలో వద్దో చెప్పేది ఆ ఒక్క ముక్కే కదరా," అన్నాడు. పక్కనే మావయ్య పిక్క రుద్దుకుంటూ ఏడ్చాడు. నాకప్పుడు జోకేమీ తోచలేదు.

మళ్ళీ ఫోను చేశాను. "నంబరు చూశామండీ, మీ ఆస్పత్రితో సరిచూసుకున్నాం," అందావిడ. "డబ్బీ మీద పెన్సిలుతో రాసి ఉంది, పెన్సిలు తడికి పోదు. మైనంలో ఉన్న ముక్కకి నీళ్ళంటవు. ఐసు అసలు అక్కర్లేదు. చేపలు మాత్రం వెనక్కి పంపలేమండీ."

రిపోర్టు రోజు అందరం విజయవాడ వెళ్ళాం. కుట్లాయన, పన్నులేనాయన ఒకే సీట్లో కూర్చున్నారు. ఈసారి డాక్టరుగారు బొమ్మని ముందే సొరుగులో పెట్టేశారు.

"మనం భయపడ్డ గుర్తు కనపడలేదు. నెమ్మదిగా నడిచే గడ్డల్లో ఎక్కువగా ఉండే గుర్తు కనపడింది. మిగతా రిపోర్టులు కూడా చూసుకునే చెప్తున్నాను, ఇప్పుడైతే తీయను. వారానికోసారి, ఆరు వారాలు మందు పోద్దాం. తర్వాత మూడు నెలలకోసారి కెమెరా. మళ్ళీ వస్తే మాత్రం ఈ మాట మీద నిలబడను. చుట్ట ఈరోజే మానేయాలి."

"బోటు?" అన్నాడు నాన్న.

"మందు వేసే రోజుల్లో వద్దు. మిగతా రోజులు మీ ఓపిక."

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "అండీ, మరి ఇది వంశంలో..."

"ఇవి గడ్డలో పుట్టిన మార్పులండీ. పుట్టుకతో వచ్చినవి కావు. వంశంలో వస్తాయని ఎవరు చెప్పారు?"

నలుగురూ నా వైపు తిరిగారు. నేను ఫ్యాను వైపు చూశాను.

పెళ్ళి ఖాయం. నాన్న జేబులోంచి చుట్టల కట్ట తీసి నుసి నుసిగా నలిపాడు. ఆ నెలలో అతని చేతిలో పగిలిన చివరి వస్తువు అదే. బయట నర్సుగారు చీటీ ఇస్తూ, వచ్చేసారి స్కానింగుకి లీటరు నీళ్ళు తాగి మూత్రం ఆపుకుని రావాలన్నారు. బందరు నుంచి విజయవాడకి బస్సులో రెండు గంటలు పడుతుంది. బస్సు అద్దాలు మిగలాలంటే ఆ నీళ్ళు ఎక్కేముందు కాదు, దిగాక తాగాలి.