తాగే బోరు, తాగని బోరు

నిన్న బుక్కరాయసముద్రం దగ్గర టీ కొట్టులో స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చారు. నోట్లో పోసుకోగానే బోరు నీళ్ల ఉప్పదనం నాలుకకు తగిలింది. మింగకుండా ఆగిపోయాను. నాగరత్నమ్మ మేడం గుర్తొచ్చింది.

అనంతపురంలో మా చిన్న ఆఫీసుకు ఆమే పెద్ద. ఊళ్లలోని బోర్లనూ కుంటలనూ కంప్యూటరు పటాల మీదికి ఎక్కించడం మా పని. చేరిన కొత్తలో ఆమె గొంతు వింటే నాకు హడలు. అంతటి మనిషీ నవ్వేటప్పుడు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. చిన్నప్పటి ఫ్లోరైడ్ నీళ్లకు ఆమె పళ్ల మీద గోధుమరంగు చారలు తేలాయి. ఆ చెయ్యి సంగతి నేనెప్పుడూ అడగలేదు.

పట్టికల్లో గడుల పేర్లు తెలుగులోనే ఉండాలని ఆమె పట్టుబట్టేది. "ఊరోళ్ల బోర్ల గురించే గదా రాస్తాండాం. వాళ్లొచ్చి చూస్తే చదువుకోవద్దా?" అనేది. అందుకే ఒక గడికి "తాగే నీళ్లు" అనీ, పక్కదానికి "తాగని నీళ్లు" అనీ పెట్టాం.

బడులకు కుళాయిలు వేసే ఆఫీసువాళ్లు ఆ వివరాలు పాత రకం ఫైలులో కావాలన్నారు. మార్చి పంపాం. వాళ్లు దాంతో పటం వేసి మాకు చూపించారు. బోర్లన్నీ నీలిరంగే, అంటే అన్నీ తాగే నీళ్లే! మేడం కళ్లద్దాలు పైకి నెట్టి ఒకచోట వేలు పెట్టింది.

"ఏం పాపా ఇది? మా ఊరి బడి బోరు గూడా మంచిదైపోయిందే!"

ఫైలు తెరిచి చూస్తే విషయం బయటపడింది. ఆ పాత ఫైలులో గడి పేరుకు పది అక్షరాల చోటే ఉంటుంది, అదీ ఇంగ్లిషు లెక్కన. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం మూడేసి చోట్లు మింగేస్తాయి. "తాగే", "తాగని" రెండూ తెగి "తాగ" అని మిగిలాయి. రెండోదానికి కంప్యూటరు ఏదో అంకె తగిలించి ఊరుకుంది. వాళ్లు రెండూ తాగేవేననుకున్నారు.

మేడం తల పట్టుకుంది. "మన భాషలో కాదనేది కడాన వస్తాది పాపా. తోక కోస్తే కాదు పోయి ఔను మిగుల్తాది."

"ఇంగ్లిషులో పెట్టేద్దామా మేడం?"

"ఎందుకు? కాదనేదాన్నే ముందుకు తెద్దాం. విషం అని పెట్టు. సున్న రాలిపోయినా విషం విషమే."

తాగే నీళ్ల గడికి "మంచి" అని పెడితే "మంచ" అయింది. నీళ్ల మధ్య ఈ మంచమేందని ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

కొత్త పేర్లతో ఫైలు మళ్లీ పంపాం. కానీ కుళాయిల ఆఫీసు ఇంజనీరు పటం మార్చడానికి ఒప్పుకోలేదు. పనులు మొదలైపోయాయనీ, ఆ నీళ్లు చూడ్డానికి తేటగానే ఉన్నాయనీ ఫోనులో వాదించాడు. మేడం నన్ను వెంటబెట్టుకుని ఆటో ఎక్కి, నేరుగా అతని బల్ల ముందు నిలబడింది.

"ఆ తేట నీళ్లు తాగే పెరిగినాను సార్. చూడండి" అంది. అని, పెదాలు విప్పి పళ్లన్నీ చూపించింది.

అతను తల దించుకున్నాడు. ఆ బడికి వేరే బోరు నుంచి పైపు వేయిస్తామన్నాడు.

తిరిగి వస్తూ ఆటోలో ఆమె తనకు తానే చెప్పుకున్నట్టు అంది: "పెళ్లిచూపులప్పుడు నోటికి చెయ్యి పెట్టుకోమన్నాడు మా నాయన. ఆ చెయ్యి ఇన్నేండ్లూ ఆడనే ఉండిపాయ." తర్వాత హాయిగా నవ్వింది. చెయ్యి ఒళ్లోనే ఉంది. ఆమె నవ్వు అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మేడం పోయిన ఏడాది కన్నుమూసింది. కొత్తగా చేరినవాళ్లకు పేర్లు పెట్టడం నేర్పేటప్పుడు, కాదనేది ముందు రాయమని ఆమె మాటల్లోనే చెబుతుంటాను.

నిన్న ఆ గుక్క ఉమ్మేసి, "ఈ నీళ్లు యాడివన్నా?" అని అడిగాను.

"ఏమక్కా, నీళ్లకు గూడా ఊరు పేరు కావల్నా?" అన్నాడు కొట్టు ఆయన.

నవ్వొచ్చింది. నా పళ్లూ ఫ్లోరైడ్ నీళ్ల చారల పళ్లే. అయినా చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వాను.