ఇండికేటర్ కట్టిన శనివారం

అమెరికాలో, అల్ఫారెట్టాలో ఉండగా, 2009 ఆకురాలు కాలంలో, ఏడో నెలలో మా బిడ్డ కడుపులోనే పోయాడు. ఆపరేషన్ చేసి తీశారు. నాకు తెలివొచ్చేసరికి అంతా అయిపోయింది. "నువ్వు చూశావా?" అని మా ఆయన్ని అడిగాను. కిటికీ వైపు తిరిగి "రెస్ట్ తీసుకో" అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అంతే. పప్పూ చారూ పట్టుకొచ్చిన స్నేహితురాళ్ళేమో "చిన్నవాళ్ళేగా, మళ్ళీ అవుతుందిలే" అనేవాళ్ళు. ఒళ్ళు మండేది.

ఆయన ప్రతి శనివారం ఫ్లై ఫిషింగ్ అంటూ చాటహూచీ నదికి పోయేవాడు. నాకు వర్క్ పర్మిట్ లేదు, డ్రైవింగ్ రాదు. గోడలు చూస్తూ కూర్చోలేక, చలికాలంలో ఒకరోజు నేనూ కార్ ఎక్కేశాను.

ఒడ్డున గాలం సిద్ధం చేస్తూ పాఠం మొదలుపెట్టాడు. నింఫ్ అంటే నీటి అడుగున తిరిగే పురుగుపిల్లలా దారాలు చుట్టిన కొక్కెం. చేప దాన్ని నోట పెట్టి, నచ్చక వెంటనే ఊసేస్తుంది. మన చేతికి తెలియను కూడా తెలియదు. అందుకని పైన నారింజ రంగు బెండు కట్టాలి. దాన్నే ఇండికేటర్ అంటారు.

"నీళ్ళ లోతుకి ఒకటిన్నర రెట్లు, కొక్కెం నుంచి అంత దూరంలో ఫిక్స్ చెయ్యాలి. లోతు మారితే మళ్ళీ జరపాలి. బెండు కాస్త ఆగినా లాగెయ్, ఆలోచించకు."

అన్ని మాటలు ఆయన నోట విని నెలలైంది. పురుగు గురించి ఇంత చెప్పేవాడికి నా ఒక్క ప్రశ్నకి నోరు పెగలదేం? కోపంగా బెండునే చూస్తూ నిలబడ్డాను.

అది ఆగింది. లాగాను. జానెడు ట్రౌట్ చేప.

ఆయన కొక్కెం తీసి, చేపని నీళ్ళలోనే రెండు చేతుల మీద పట్టుకున్నాడు. పట్టినదాన్ని మళ్ళీ నదిలోకే వదిలెయ్యాలట, ఊపిరి అందుకునేదాకా అలా పట్టుకోవాలట. కాసేపటికి అది తోక ఆడించి వెళ్ళిపోయింది. ఆయన చేతులు మాత్రం అలాగే, ఆ చన్నీళ్ళలోనే ఉన్నాయి.

"చేతులు తియ్యి, కొంకర్లు పోతాయి" అన్నాను.

"నర్సు నా చేతుల్లో పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉన్నాడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది అప్పుడడిగాను.

"ఎవరి పోలిక?"

"నీ పోలికే" అన్నాడు, తలెత్తకుండా. "అందుకే నీ మొహం చూడలేకపోతున్నాను."