రుమాలు వేసిన సీటు

ఇన్నేళ్ళుగా లోపల తొక్కిపెట్టిన మాట ఒకటి ఉంది. తొక్కిపెట్టీ పెట్టీ విసుగొచ్చింది. పశ్చాత్తాపం అనే పెద్ద మాట వాడను. విసుగే. నా మీద, నన్ను మంచివాడనే వాళ్ళ మీద, ఓపిగ్గా వింటున్న మీ మీద కూడా కొంచెం. ఏమీ అనుకోకండి.

పోయిన నెల మా అమ్మాయి కాలేజీలో మాటల పోటీ పెట్టారు. హింస మనిషి పుట్టుకలోనే ఉందా, లేదా అన్నది విషయం. మా అమ్మాయి లేదనే పక్షం తీసుకుంది. భోజనాల దగ్గర నన్నే ఉదాహరణగా చూపించింది. “మా నాన్నను చూడండి, చీమను కూడా తొక్కడు” అంది. మా బావమరిది ఊరుకుంటాడా! “అందరికీ ఉండదమ్మా, కొందరికి రక్తంలోనే ఉండాది. ఆ కోరమండల్ గని కూలీల లైనిండ్లలో సెల్వం లేడా? మీ నాయన కోసమని మనిషిని చావగొట్టినాడు. గని లోపల బండలు పగలగొట్టిన వంశం, ఇంగెట్లుంటాది?” అన్నాడు. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుందేమోనని ఊపాను.

ఛీ, ఎన్నాళ్ళిలా తల ఊపడం?

బంగారు గనులు మూసేశాక మా ఊరి బతుకంతా తెల్లవారుజామున బయలుదేరే బెంగళూరు రైలు మీదే నడిచింది. నేను బెంగళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాను. మారికుప్పంలో రైలు ఖాళీగా ఉండగానే ఎక్కేవాణ్ణి. దారిలో వచ్చే స్టేషను కోరమండల్‌లో ఎక్కే మా జట్టు వాళ్ళకు రుమాళ్ళు, టిఫిన్ సంచులు వేసి సీట్లు పట్టడం నా పని. రుమాలు పడిన సీటులో ఇంకొకరు కూర్చోకూడదు. ఆ రైల్లో అది చట్టం. ఎవరు రాశారని అడక్కండి. సెల్వం ఆ జట్టులో వాడే. వాళ్ళ నాన్న గనిలో పనిచేసి, అది మూసేశాక ఇంట్లో కూర్చున్నాడు. బెంగళూరులో సెల్వం చేసే ఉద్యోగమే ఆ ఇంటికి ఆధారం.

ఆ గొడవ జరిగిన రోజు పంచె కట్టుకున్న పల్లెటూరి రైతొకాయన ఎక్కాడు. నాకంటే పెద్దవాడు. కాలు వాచి ఉంది. రుమాలు తీసి, మడిచి, పక్కన పెట్టి కూర్చున్నాడు. మడిచి మరీ పెట్టాడు, అది నేను చూశాను.

“ఏమప్పా, రుమాలు ఏసిండేది కనపడలేదా? మావాళ్ళు కోరమండల్‌లో ఎక్కుతారు. లెయ్యి” అన్నాను.

“కోరమండల్ ఇంగా రాలేదు కదా సామీ? అంతదాకా గుడ్డ కూర్చుంటే నేను నిలబడాల్నా? గుడ్డకేమైనా కాళ్ళు నొస్తాయా?” అన్నాడు.

పెట్టెలో అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నన్ను ఎగతాళి చేసే నవ్వు కాదు, తన మాట తనకే నచ్చి నవ్వుకున్నాడంతే. నేను లాగి చెంప మీద కొట్టాను.

దాచను. ఆ క్షణం ఒళ్ళంతా హాయిగా అనిపించింది. అంత హాయి అంతకు ముందెప్పుడూ ఎరగను. ఆయన చెంప పట్టుకుని నన్నే చూస్తున్నాడు, తిరిగి కొట్టలేదు. “ఎందుకు సామీ కొట్టినావు?” అన్నాడు, అంతే. ఇందాక నవ్విన వాళ్ళంతా కిటికీల వైపు తిరిగారు. మరి ఇప్పుడేం చెయ్యాలి? క్షమించమనాలా, ఇంకోటి కొట్టాలా? ఈలోగా కోరమండల్ వచ్చింది. జట్టు ఎక్కింది. నా ముఖం చూసి సెల్వం “ఏమైంది సార్?” అన్నాడు. “వీడు నా మీద చెయ్యి చేసుకున్నాడు” అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం!

ఇంక చెప్పేదేముంది. సెల్వం కాలర్ పట్టుకున్నాడు, మిగిలిన వాళ్ళు కలిశారు. ఆ పెద్దాయన ఏదో చెప్పబోతే చెప్పనివ్వలేదు. బంగారపేటలో పోలీసులు వచ్చేసరికి ఆయన చెవిలోంచి రక్తం కారుతోంది. మిగతావాళ్ళు చల్లగా జారుకున్నారు. ఆ మొరటు మనిషి సెల్వం మాత్రం అక్కడే నిలబడి, అవును, నేనే కొట్టినాను అన్నాడు. నన్ను అడిగితే, ఆయన నన్ను కొట్టాడు, సెల్వం అడ్డం వచ్చాడు అని చెప్పాను. మొదటి దెబ్బ చూసిన వాళ్ళకు ఆఫీసుల తొందర. నా మాట ఒక్కటే మిగిలింది. సెల్వం మీద కేసు పెట్టారు, ఉద్యోగం పోయింది. ఆ చెవికి మళ్ళీ వినిపించలేదని తర్వాత తెలిసింది. ఊళ్ళో అందరూ ఒకటే మాట: ఆ లైన్ల వాళ్ళ రక్తమే అంత. నేను టీచరు కొడుకును కదా, నా రక్తం గురించి ఎవరికీ అనుమానం రాలేదు.

చాలా కాలం నేనూ అదే చెప్పుకున్నాను. మనిషి స్వభావం, ఏదో ఆవేశం, చెయ్యి దానంతటదే లేచింది. అబ్బ, ఎంత సుఖమైన మాటో! ముందు రోజు మా ఆఫీసరు అందరి ముందూ నన్ను దద్దమ్మ అన్నాడు. అప్పుడెందుకు లేవలేదు ఆ చెయ్యి? నవ్వి, సారీ సార్ అన్నాను. పుట్టుకతో వచ్చినదే అయితే ఆఫీసరనీ రైతనీ దానికేం తెలుసు? మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మా అవ్వ అనేది. కోపం పుట్టుకతోనే వచ్చిందేమో, నాకు తెలియదు. ఎవరిని కొడితే తిరిగి కొట్టరో ఆ కోపంలోనూ లెక్క చూసుకున్నది మాత్రం నేనే. ఈ ముక్క మా అమ్మాయికి చెప్పాల్సింది. చెప్పలేదు. పోటీలో గెలిచి వచ్చింది.

సెల్వం ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. మొన్న మధ్యాహ్నం స్టాండు దగ్గరికి వెళ్ళాను. “రాండి సార్, యాడికి పోవల్ల?” అన్నాడు. ఎక్కలేదు. నిలబడే చెప్పేశాను, మొదటి దెబ్బ నుంచి చివరి అబద్ధం దాకా. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను, మళ్ళీ నా స్వార్థమే.

అతను స్టార్ట్ చేసిన ఇంజను ఆపేశాడు.

“అయితే ఆయప్ప మీ మీద చెయ్యే ఎయ్యలేదా?”

“లేదు.”

“ఉద్యోగం పోతే పోనీ, సార్ కోసరం కొట్టినా, తప్పేమి చెయ్యలేదు అని ఇన్నిదినాలు అనుకుంటా ఉన్న్యా” అన్నాడు. “మరి నేను ఆయప్పని ఎందుకు కొట్టినట్టు సార్?”

ఎవరో ఆవిడ సంచులతో వచ్చి ఆండర్సన్‌పేట అంది. సెల్వం నా వైపు చూడకుండా ఆటో తీశాడు. నేను నడిచి ఇంటికి వచ్చి, కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయాను. అతను నిద్రపోయాడో లేదో నాకు తెలియదు.