చెంప మీద అత్త చెయ్యి

మా మేనత్త పోయింది. గురువారం తెల్లవారుతూనే లేచి, ఉప్పు మడుల వైపు కిటికీ తెరిచి, మళ్ళీ వచ్చి మంచం మీద పడుకుంది. పిలిస్తే పలకలేదు. కిటికీ తలుపు ఇంకా గాలికి కొట్టుకుంటూనే ఉంది.

మా చిన్నప్పుడే అమ్మ పోతే మా ముగ్గురినీ ఆమే పెంచింది. నేను పెద్దదాన్ని. నా తర్వాత చెల్లెలు, ఆ తర్వాత తమ్ముడు. అత్త పగలంతా ఉప్పు మడుల్లో పారతో ఉప్పు లాగేది. పొద్దు గుంకేవేళ ఇంటికొచ్చి మమ్మల్ని చూసుకునేది.

ఆమెను తలుచుకుంటే నాకు పండగలూ పెళ్ళిళ్ళూ గుర్తుకు రావు. ఒక మామూలు పొద్దు గుర్తుకొస్తుంది. ఆదివారం. ఆరోజు మడుల్లో పని లేదు. ప్రార్థన అయ్యాక మా ముగ్గురినీ బావి దగ్గర వరసగా నిలబెట్టి, సబ్బు లేకుండా ఉత్త మంచినీళ్ళతో మొహాలు కడిగింది. తుడవలేదు, గుడ్డతో అద్దింది. అరుగు మీద కూర్చోబెట్టి, "మొహానికి ఏమీ పూయబాకండి. గంజి వార్చిందాకా గమ్మున కూర్చోండి" అని లోపలికి పోయింది. సముద్రం మీద నించి ఉప్పుగాలి కొడుతోంది. అన్నం ఉడికే వాసన వస్తోంది. నా చెంపలు మెల్లగా బిగుసుకుంటున్నాయి.

గంజి వార్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. చెయ్యి వెనక్కి తిప్పి, వెనక వైపు నా చెంపకి ఆనించింది. తర్వాత నుదురుకి. తర్వాత ముక్కుకి.

"నీది ఎండు తోలు మే. నూనె కావాల."

చెల్లెలి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. "దీనికి నుదురూ ముక్కూ జిడ్డు, చెంపలు మామూలు. రెండు రకాలూ ఒక్క మొహంలోనే పెట్టుకోనుండాది."

"నాదో అత్తా?" అన్నాడు తమ్ముడు.

"నీది మట్టి. పోయి సరిగ్గా కడుక్కోని రా."

అరచేత్తో ఎందుకు చూడవని నేనొకసారి అడిగాను. అరచెయ్యి చూపించింది. పార పట్టి పట్టి గవ్వలా గట్టిపడి ఉంది. "దీనికేం తెలస్తాది? ఉప్పు తినేసింది" అంది.

ఆమెకు ఇదంతా మొదట్నించీ తెలిసింది కాదు. అంతకు ముందు శనగపిండి కలిపి ముగ్గురికీ ఒకటే రుద్దేది. చెల్లెలు నిగనిగలాడేది. నాకు ఉప్పుగాలికి చెంపలు తెల్లగా పొట్టు రేగి, పెదవుల మూలలు చీలి, నవ్వితే రక్తం వచ్చేది. చలికాలమని సరిపెట్టుకుని ఇంకాస్త గట్టిగా రుద్దేది. ఒకరోజు నేను అన్నం తినలేక ఏడిస్తే అప్పుడు చూసింది. "దానికి పనికొచ్చింది గదా అని నీకూ పూసినాను" అంది. ఆ తర్వాత ఎవరి మొహమైనా ముందు చెయ్యి ఆనించి చూడకుండా ఏమీ పూసింది లేదు. "ఎవరి తోలు వాళ్ళదే. పక్కింటామెను చూసి పూసుకోబాకండి" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళకీ చెప్పేది. మడుల నించి వచ్చిన వాళ్ళ కాళ్ళకి ముందు మంచినీళ్ళు పోయించి, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయించేది. "ఆరినాక రాస్తే నూనె పైన కూర్చుంటాది, అంతే."

మా చెల్లెలు నెల్లూరులో బట్టల కొట్లో పని చేస్తుంది. కొన్నేళ్ళ కిందట ఎవరో ఇచ్చిన క్రీము పూయడం మొదలుపెట్టింది. చూస్తుండగానే తెల్లబడింది. ఇంటికొస్తే అందరం మెచ్చుకున్నాం. అత్త మాత్రం చెయ్యి ఆనించి, తీసేసింది.

"ఇది పలచబడిందే. ఉల్లిపొర మాదిరి ఉండాది. ఈరోజే ఆపేయ్."

చెల్లెలు ఆపేసింది. వారం తిరక్కుండా మొహం ఎర్రగా వాచి, మంట పుట్టి, మొటిమలు లేచాయి. నెల్లూరులో చర్మం డాక్టరమ్మ చూసి, అలాంటి క్రీముల్లో స్టెరాయిడ్ మందు కలిసి ఉంటుందనీ, ఒక్కసారిగా ఆపితే ఇలాగే తిరగబడుతుందనీ, తను చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలనీ చెప్పింది. ఎండ తగలకుండా రోజూ పూసుకోవడానికి వేరే క్రీము రాసిచ్చింది.

"నీ మాట విన్నందుకే నాకీ గతి" అంది చెల్లెలు ఇంటికొచ్చి.

"ఆ డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యమ్మా. ఆపాలని తెలుసు గానీ, ఎట్ట ఆపాలో నాకు తెలీలేదు" అంది అత్త.

మొహం నెమ్మదిగా నయమైంది. కానీ ఆ తర్వాత చెల్లెలు తన మొహం మీద అత్త చెయ్యి పడనివ్వలేదు. వచ్చినప్పుడల్లా అత్త చెయ్యి సగం దాకా లేచేది. మళ్ళీ ఒళ్ళో పడేది. ఇద్దరూ కూర గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఆ రోజుల్లోనే ఊళ్ళో ఒకామె పోతే చూసి వచ్చి, అన్నం దగ్గర మా ముగ్గురితో అంది: "ఉప్పులో బతికినదానికి తెల్లగా పౌడరు కొట్టి బొమ్మను చేసినారు. నాకట్ట చెయ్యబాకండి. ప్రభువు నన్ను గుర్తుపట్టాల గదా." తమ్ముడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో పొద్దున్నే మొహం కడుక్కుని, ఏమీ పూసుకోకుండా అరుగు మీద కూర్చుంటాను. చెంపలు బిగుస్తాయి. ఒక్కోరోజు ఎడమ చెంప మీద ఏదో ఆనుతుంది. గాలి కాదు. గాలికి వెచ్చదనం ఉండదు. నేను తల తిప్పను. పొద్దుగుంకేవేళ బావి రాయి మీద కాళ్ళకి నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు తమ్ముడికి వినిపిస్తుందట. వెళ్ళి చూస్తే రాయి పొడిగా ఉంటుందట. వాడు చెబితే నాలుగు మాటలు ప్రార్థన చేసుకుని లేచాను.

ఆ గురువారం సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. శవపెట్టె వచ్చింది. మరుసటి పొద్దున సమాధి. చుట్టాలావిడ ఒకామె పౌడరు డబ్బా తెచ్చి, "కాస్త అద్దండమ్మా, ఊరంతా వస్తారు" అంది.

"అవునక్కా, తెల్లగుడ్డ మధ్యన మరీ నల్లగా కనపడతాది" అంది చెల్లెలు.

"అత్త వద్దనింది గదా" అన్నాడు తమ్ముడు.

"అత్త చెప్పినట్టు చేస్తే ఏమైందో నా మొహం చూసినావు గదరా."

నేను ఒకటే అడిగాను: "అత్తది ఏ రకం చర్మమో మనలో ఎవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలియదు. ఎవరం ఎప్పుడూ ఆమె చెంపకి చెయ్యి ఆనించలేదు. నేను అడిగినప్పుడు "ఉప్పులో నానినదానికి రకమేంది మే" అని తోసేసింది.

చెల్లెలు లేచి బావి నించి నీళ్ళు తెచ్చింది. అత్త మొహం కడిగింది. తుడవలేదు, అద్దింది. ఇంట్లో పొయ్యి వెలిగించలేదు కాబట్టి గంజి వార్చేదాకా ఆగుదామనడానికి లేదు. కీర్తన పాడుకుంటూ కూర్చున్నాం. కీర్తన అయ్యాక చెల్లెలు చెయ్యి వెనక్కి తిప్పి, అత్త చెంపకి ఆనించింది. చాలాసేపు తీయలేదు.

"ఎండు తోలక్కా" అంది. "నీ మాదిరే. నూనె కావాల."

పౌడరు వద్దనుకున్నాం. మొహం మళ్ళీ తడిపి, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాలనుకున్నాం. రాసేది చెల్లెలు. పొద్దున పెట్టె మూసేదాకా మొహం మీద గుడ్డ వెయ్యకూడదనీ, ఉప్పు మడుల వైపు కిటికీ తెరిచే ఉంచాలనీ అనుకున్నాం.