సంతకం పెట్టిన రోజు అనుకున్నది

మాది యానాం. మా నాన్న ఫ్రెంచి చట్టం చదివిన వకీలు. ఒప్పందంలోని మాటల కన్నా, రాసుకున్న రోజు ఇద్దరూ ఏమనుకున్నారో చూడాలనేవారు. నేను మద్రాసులో ఇంగ్లీషు చట్టం చదివి వకీలునయ్యాను. కాగితం మీద ఏముందో అదే నాకు లెక్క. ఈ వాదనలో మా ఇంట్లో భోజనాలు చల్లారిపోయేవి.

ఎనభైల చివర్లో మా ఊరి హాస్యనటుడి తరఫున, అతన్ని వెంటబెట్టుకుని ఫిల్మ్‌నగర్ వెళ్లాను. ఒక సినిమా షూటింగ్ అయిపోగానే అతను వేరే సినిమా ఒప్పుకుని, డబ్బింగ్‌కి రానన్నాడు. అగ్రిమెంటులో డబ్బింగ్ ఊసే లేదు.

నిర్మాత తెనాలి వైపు పెద్దాయన. నేను చదివి వినిపించిందంతా విని, తాపీగా కాఫీ ముగించారు.

"నిజమేనండీ, ఇందులో లేదు. వేరేవాళ్ల చేత చెప్పించుకుంటాం" అన్నారు.

మావాడి మొహం పాలిపోయింది. "నా గొంతు లేకపోతే అది నా వేషం ఎలా అవుతుందండీ?"

"సంతకం పెట్టిన రోజు నేనూ అదే అనుకున్నాను బాబూ."

మావాడు నా వైపు చూడకుండానే, డబ్బింగ్‌కి ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. పెద్దాయన నాకు ఇంకో కాఫీ తెప్పించారు.

ఇంటికొచ్చి నాన్నకి జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, నన్ను దెప్పలేదు. ఆ పూట మాత్రం ఇద్దరం అన్నం వేడివేడిగా తిన్నాం.