పిన్ని మెడ మీది మచ్చ

పాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చిన్న మేడమ్ అనేవారు. సీసాలు నింపే విభాగానికి సూపర్‌వైజర్. యంత్రం మొరాయిస్తే మెకానిక్ వచ్చేలోగా తనే చొక్కా చేతులు మడిచి కిందికి దూరే రకం. బిజినెస్ స్కూల్లో చదివి, ఫ్యాక్టరీని నడిపే కుర్చీలో కూర్చోవాలని ఆమె పట్టుదల. దరఖాస్తుల సంగతి తెలియక ఒక అడ్మిషన్ల కన్సల్టెంటును పట్టుకుంది.

ఆమె రాసుకొచ్చిన వ్యాసం రెండు పేరాలు చదివి ఆయన పక్కన పడేశాడు.

"సీసాలు, షిఫ్టులు... ఇవెవరిక్కావాలమ్మా? చదివేవాడి గుండె పిండెయ్యాలి. ఇంట్లో ఎవరైనా పోయారా?"

"అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పిన్ని పెంచింది."

"తల్లి పోవడం అందరూ రాస్తారు. పిన్ని సంగతేంటి?"

పిన్ని లాండ్రీలో ఇస్త్రీ చేసేదనీ, ఒకరోజు ఆవిరి గొట్టం పగిలి మెడ కాలిందనీ, మచ్చ ఇంకా ఉందనీ నోరు జారి చెప్పేసింది. కన్సల్టెంటు కళ్ళు మెరిశాయి.

"ఇంత మంచి సరుకు దాచుకుని సీసాల గురించి రాస్తావా!"

సరుకు అన్నమాట ఆమెకు గుచ్చుకుంది. అయినా తలూపింది. పెద్దింటి పిల్లలంతా ఈయన చెప్పినట్టే వింటారట మరి.

వారం తిరిగేసరికి కొత్త వ్యాసం తయారైంది. అందులో గొట్టం పగిలినప్పుడు ఆమె అక్కడే ఉంది. పిన్ని అడ్డంపడి కాపాడింది. ఆ మచ్చ సాక్షిగా నాయకురాలినవుతానని ఆమె ఒట్టేసుకుంది.

"ఆ రోజు నేను బళ్ళో ఉన్నానండీ."

"వాళ్ళొచ్చి హాజరుపట్టీ చూస్తారా ఏంటి?"

తర్వాత ఇంటర్వ్యూ రిహార్సల్ మొదలైంది. "ఇక్కడ ఆగు. కిందికి చూడు. గొంతు కాస్త వణకాలి." చెప్పగా చెప్పగా ఆమె గొంతు నిజంగానే వణికింది. కన్నీళ్ళూ వచ్చాయి. ఆయన చప్పట్లు కొట్టాడు.

మెట్ల దగ్గరి కుళాయి కింద ఎంత కడుక్కున్నా ఆ ఏడుపు ముఖానికి జిడ్డులా పట్టుకునే ఉందనిపించింది. ఆయన మీదకంటే తన మీదే ఎక్కువ రోత పుట్టింది.

ఇంటికెళ్ళి అంతా చెప్పేసింది. బట్టలు మడతపెడుతున్న పిన్ని చేతులు ఆగిపోయాయి.

"నేను నొప్పితో మూలుగుతుంటే నువ్వేం చేశావో తెలుసా? మంచమంతా అడ్డంగా పడుకుని గురకపెట్టావు. అది రాయమను మీ సారుని." తర్వాత గొంతు మారింది. "నా మెడ, నా నొప్పి. మధ్యలో వాడెవడే?"

ఆమె మళ్ళీ సలహా కోసం కన్సల్టెంటు గడప తొక్కలేదు. పొద్దుపోయాక డ్యూటీ దిగే ఆడవాళ్ళకి బండి పెట్టించడానికి మేనేజరుతో తాను పడ్డ గొడవ గురించి సొంతంగా రాసింది. ఒక కాలేజీ వద్దంది. ఇంకొకటి పిలిచి సీటిచ్చింది.

కొన్నాళ్ళకి కన్సల్టెంటు ఆఫీసు గోడ మీద ఆమె ఫోటోతో ఫ్లెక్సీ వెలసింది. 'కాలిన మచ్చ నుంచి కార్పొరేట్ కుర్చీకి: మా విద్యార్థిని!'

ఆమె విసురుగా లోపలికెళ్ళింది.

"రామ్మా రా! మన సీటు మనకొచ్చిందిగా!" అన్నాడాయన పళ్ళికిలిస్తూ.

ఆమె ఆయనకేసి చూడనైనా చూడకుండా, గది బయట వరసగా కూర్చున్నవాళ్ళతో చెప్పింది. "ఈయన రాసిన దానితో నాకు సీటు రాలేదు. ఆ మచ్చ కథ అబద్ధం."

వాళ్ళలో ఒకమ్మాయి తలెత్తింది. "అక్కా, మరి నిజం రాస్తే సీటు గ్యారంటీయేనా?"

కాదన్నట్టు ఆమె అడ్డంగా తలూపింది. ఆ అమ్మాయి లేచి కన్సల్టెంటు గదిలోకి వెళ్ళిపోయింది.

ఆమె కిందికి దిగి, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగానే ఫ్లెక్సీని పీకి, చింపి చెత్తకుండీలో కుక్కింది. తర్వాతి వారం అటుగా వెళ్తుంటే ఆ మేకులకే ఇంకెవరిదో ముఖం వేలాడుతోంది. కింద ఏం రాశారో చదవబుద్ధి కాలేదు. గబగబా నడిచి వీధి మలుపు తిరిగింది.