హండియా తప్ప ఏదీ ముట్టని మనిషి

కొన్నేళ్ల క్రితం జంషెడ్‌పూర్ గోల్‌మురిలో, మా బస్తీలో ఆరోగ్య శిబిరం పెట్టారు. కొలిమి దగ్గర కాంట్రాక్టు పని చేసే మా ఆయన్ని నేనే బలవంతంగా తీసుకెళ్లాను. అక్కడి నర్సు మన తెలుగమ్మాయే.

ముందు తాగుడు గురించి వరసగా అడిగి ఒక కాగితం మీద రాసుకుంది. "ముట్టనమ్మా" అన్నారాయన ప్రతిదానికీ. పక్కనుంచి నేనూ గర్వంగా తలూపాను. తర్వాత ఇంకో కాగితం తీసి, ఒంట్లో ఎలా ఉంటోందని అడిగింది. "పొద్దున్న లేత్తే సేతులు వణుకుతాయి. అన్నం సయించదు. నిద్దర పట్టదు" అన్నారు.

ఆ పిల్ల రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఈ రెండూ ఒక్క మనిషి జవాబుల్లా లేవు బాబాయ్. నిజంగా ఏటీ తాగరా?"

"రోజూ హండియా తాగుతానమ్మా. అది బియ్యం పులిసిన నీళ్లే కదా, సలవ సేత్తాది."

వరసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. నర్సు మాత్రం నవ్వలేదు. "అదీ తాగుడే బాబాయ్. రేపు పెద్దాసుపత్రికి రండి" అంది. ఆయన ముఖం మాడిపోయింది. విసురుగా లేచి బయటికొచ్చేశారు.

"నలుగుర్లో నన్ను తాగుబోతుని సేసినావు. ఇంకే ఆసుపత్రికీ రాను" అని దారంతా నామీద కేకలు. నాకేమో ఆ పిల్ల మీద కోపం. కొలిమి వేడికి ఇక్కడ అందరూ తాగేదే కదా అనుకున్నాను.

చివరికి కొన్ని నెలలకి పెద్దాసుపత్రికి వెళ్లాం గానీ, అప్పటికే ఆయన కళ్లు పచ్చబడిపోయాయి. ఇప్పుడాయన లేరు. ఆ నవ్వుల్ని ఎప్పుడో మర్చిపోయాను. మరవలేనిది, శిబిరం నుంచి ఇంటికొస్తున్న దారి. ఆయన కోపం చల్లార్చాలని మార్కెట్ దగ్గర ఆగి, చెంబు నిండా హండియా పోయించుకొచ్చింది నేనే.